చివరి సైకిల్ గంట

ఖురియాత్ ఊరి ఖర్జూరతోటల దారిలో మేం నర్సులమంతా సైకిళ్లమీద వెళ్లేటప్పుడు, అందరికన్నా వెనక ఉన్నవాళ్లు గంట కొట్టాలి. అది వింటే ఎవరూ తప్పిపోలేదని ముందువాళ్లకు ధైర్యం. ఆ పని ఎప్పుడూ, మాతోపాటే నర్సుగా చేసిన మా ఆయన జెరెమియాదే. ఆయన పోయాక మొదటిసారి, ఈ సాయంత్రం వరసలో చివర నేనున్నాను.

చీకటి పడ్డాక గంట కొట్టాను. నా వెనక ఇంకో గంట, ఆయన కొట్టినట్టే తీరిగ్గా మోగింది.

ముందున్న దెబోరా బ్రేకు వేసింది. “సెలీనక్కా, మీ ఎనకాల ఇంకెవరన్నా వస్తున్నారా?”

“ఎవరూ లేరమ్మా. నువ్వు ముందు చూసుకుని తొక్కు.”

ఎత్తు మొదలైంది. వెనక ఆయాసం వినిపించింది. నేను తిరిగి చూడలేదు. రొప్పుతున్నప్పుడు చూస్తే ఆయనకు చిన్నతనంగా ఉండేది.

కాస్త నెమ్మదిగా తొక్కాను.