పచ్చ బటన్

“ఏమ్మే గౌతమీ, మోటారు తిరుగుతాండాదని పచ్చగా వెలుగుతాండాది. నీళ్లు యాడ?”

యేసన్న ఫోన్‌ను కూతురి ముఖం ముందు ఆడించాడు. చీనీ తోటలో పైపు నోరు తెరుచుకుని పొడిగా ఉంది. చెట్ల మీద బత్తాయి పిందె వాడిపోయి వేలాడుతోంది.

“ఎప్పుడు నొక్కినావు నాయనా?”

“అరగంటయింది. నిన్నటిదాకా బాగుండె. పొద్దున చార్జింగ్ అయిపోయి ఫోన్ సచ్చింది. మళ్లా లేసినప్పట్నుంచి ఇదీ కత! ఇంజినీరింగ్ చదివిస్తినే నిన్ను, నన్ననల్లా!”

గౌతమి ముఖం చిన్నబోయింది. ఆ యాప్ రాసింది తనే. గుట్ట అవతల వారం కిందట వేసిన కొత్త బోరును ఇక్కడి నుంచే నడపొచ్చని తండ్రికి ధీమాగా చెప్పిందీ తనే.

“రెండింటికి కరెంటు పోతాది. ఈ పొద్దు తడి అందకుంటే రేపటికి పిందెంతా నేల మీదుంటాది. నీ ఫోన్ ఇట్లియ్. గుట్ట దాటిపోయి చేత్తోనే నొక్కుతా. నువ్వు నా ఫోన్ ముందర కూర్చోని ప్రార్థన చేసుకో!”

తువ్వాలు తలకు చుట్టుకుని విసవిసా వెళ్లిపోయాడు.

గౌతమి చెట్టు నీడలో కూలబడి లాప్‌టాప్ తెరిచింది. యాప్ మూతపడి మళ్లీ తెరుచుకున్నప్పుడల్లా స్క్రీన్ మీద బటన్ కొత్తగా పుడుతుంది. పుట్టిన బటన్‌కు తాను ఏ మోటారుదో తెలియాలి కదా! అందుకే ఆ గుర్తును ఫోన్‌లోనే దాచిపెట్టే ఏర్పాటు చేసింది. అంతవరకూ బాగానే ఉంది. కొత్త బోరు వేశాక బటన్‌ను దానికి తగిలించింది గానీ, దాచిన గుర్తును మార్చడం మరిచిపోయింది. పొద్దున ఫోన్ ఆరి వెలగగానే బటన్ బుద్ధిగా పాత గుర్తునే తీసి తగిలించుకుంది.

అంటే, అరగంటగా తిరుగుతున్నది పాత బోరు మోటారు!

తోట చివర పల్లంలో ఉన్న ఆ బోరు కోసమే మొదట యాప్ రాసింది. ఏడాది కిందటే అది ఎండిపోయింది. మోటారు లోపలే ఇరుక్కుపోతే తీయలేక, వైరు కూడా విప్పకుండా వదిలేశారు. ఎండిన బోరులో అరగంట తిరిగితే మోటారు మాడి మసైపోదూ!

ఆపేద్దామని బటన్ మీదికి తీసుకెళ్లిన వేలు గాల్లోనే ఆగిపోయింది. మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూపే అంకె ఒకటి స్క్రీన్ మీద ఓ మూల ఉంటుంది. ఉత్త గాలి తోడే మోటారుకు ఆ అంకె ఇంత ఎక్కువగా ఉండదు.

లాప్‌టాప్ అక్కడే వదిలేసి, ఫోన్ పట్టుకుని గౌతమి పల్లంలోకి పరుగు తీసింది.

బోరు మీద కప్పిన ముళ్లకంప పక్కకు పడి ఉంది. పాత పైపులోంచి నీళ్లు మూరెడు దూరం ఎగిరి దూకుతున్నాయి. కాలువ నిండి, పల్లం వరస చెట్ల పాదులు నిండి, ఎర్రమట్టి బుడగలు వదులుతూ తాగుతోంది.

గౌతమి చెప్పులు విడిచింది. ఎందుకు విడిచిందో తనకే తెలియదు. ఫోన్ గట్టు మీద పెట్టి, దోసిలి పట్టి ఓ గుక్క తాగింది. చల్లగా, కాస్త ఇనుము రుచితో గొంతులోకి దిగాయి. చుక్క లేదని అందరూ ఆశ వదులుకున్న బోరు ఇది. ఎప్పుడు ఊరాయి ఈ నీళ్లు? ఇంతకాలం ఎవరి కోసం ఎదురుచూశాయి? మనుషులు మరిచిపోయిన బోరును ఆ మతిలేని ఫోన్ గుర్తుపెట్టుకుని పిలిచింది, బోరు పలికింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

గట్టు మీద ఫోన్ మోగింది. గుట్ట అవతల నుంచి తండ్రి.

“నాయనా...” అంది. మాట పూర్తి కాకముందే అవతలి నుంచి ఆయన అందుకున్నాడు.

యేసన్న గొంతు నీరుగారిపోయి ఉంది.

“చేత్తో నొక్కినానమ్మే. మోటారు తిరుగుతాండాది, పైపులో ఉత్త గాలి. నిన్ను ఊరికే తిడితిని తల్లీ, నీ యాప్‌లో తప్పేమీ లేదు. కొత్త బోరే ఎండిపోయిండాది.”