మూడో అంతస్తు తిట్లు

"ఉప్పు పొట్లమేది? ఈ పూట కూడా మింగేశావా? నీ చేతులు పడిపోను! నీకు నర్సు ఉద్యోగం ఇచ్చినవాడెవడో గానీ వాడి కళ్ళు పోయాయా?"

కండక్టర్ గారు మూడో అంతస్తు గుమ్మంలో నిలబడి గుక్క తిప్పుకోకుండా అరుస్తుంటే కింద గేటు దాకా వినిపిస్తోంది. ఆయన బస్సు దిగి ఏళ్ళయినా ఆ గొంతు మాత్రం రిటైర్ కాలేదు.

నర్సు మాస్కు పెట్టుకుని మెట్ల మలుపులో నిలబడింది. మాయదారి జబ్బు మొదలైన దగ్గర్నుంచి ఒంటరి ముసలివాళ్ళకి భోజనం అందించడం, వాళ్ళకి ఒంట్లో ఎలా ఉందో కనుక్కోవడం ఆవిడ పని.

"అరిచింది చాల్లెండి. రేపూ ఇంతే," అంది.

"రేపు నీ మొహం చూపించావంటే క్యారేజీ నెత్తిన బోర్లిస్తా!"

కింద అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఆవిణ్ణి ఆపాడు.

"అన్ని ఇళ్ళలోనూ నీ అంత మంచిది లేదంటారు. ఈయన దగ్గరే ఏం పోయేకాలం నీకు?"

"ఆక్సిజన్ చూసే క్లిప్పు వేలికి పెట్టనివ్వరు సార్. 'నేనేమన్నా ఆరేసిన చొక్కానా' అని కిటికీలోంచి విసిరేశారు."

"అందుకని పగబడతావా? మొన్న రెండో అంతస్తు బామ్మగారు దగ్గు లేకుండా, జ్వరం లేకుండా నిద్రలోనే పోయింది. ఈయనకేమన్నా అయితే నా తల తీసి ఎక్కడ పెట్టుకోను? రేపొక్కరోజే నువ్వు. ఎల్లుండి వేరే మనిషి వస్తాడు."

నర్సు మొహం మాడిపోయింది. సెక్రటరీ ఈ శుభవార్తని ఫోనులో కండక్టర్ గారి చెవిన వేశాడు.

మర్నాడు తనూ వెంట వెళ్ళాడు. నర్సు బెల్లు మీద వేలు తియ్యలేదు. క్యారేజీని దభీమని పెట్టింది. అందులోని పాలు గడపంతా ఒలికాయి.

కండక్టర్ గారు తలుపు తీశారు. పాల వంక చూశారు. ఆవిడ వంక చూశారు.

"పోనీలే... అమ్మా," అన్నారు మెల్లగా.

సెక్రటరీకి ప్రాణం లేచొచ్చింది. "చూశావా, పెద్దరికమంటే అదీ! నువ్వేమో పోతూ పోతూ కూడా..."

నర్సు అప్పటికే అంబులెన్సుకి ఫోన్ చేస్తోంది.

"ఓసి నీ దుంప తెగ! నడిచొచ్చి తలుపు తీసిన మనిషిని ఆసుపత్రి పాలు చేస్తావా? నీ ఉద్యోగం ఊడగొట్టకపోతే నా పేరు మార్చుకుంటా!" సెక్రటరీ ఎగిరిపడ్డాడు.

ఆవిడ పెద్దాయన్ని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. స్ట్రెచర్ వచ్చినా ఆయన ఎదురు చెప్పలేదు.

సెక్రటరీ ఆవిడ మీద ఫిర్యాదు పెట్టేశాడు. సాయంత్రం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఆయనకి ఒంట్లో ఆక్సిజన్ బాగా పడిపోయిందట. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేవారు కాదట. ఇప్పుడు గండం గడిచిందట.

సెక్రటరీ గేటు దగ్గర నర్సుని నిలదీశాడు. కోపం ఇంకా దిగలేదు.

"దగ్గు లేదు, జ్వరం లేదు. ఆ క్లిప్పూ పెట్టలేదు. ఊపిరి చాలడం లేదని నీకెలా తెలిసింది?"

నర్సు మాస్కు సర్దుకుంది.

"అది తెలియడానికే రోజూ తిట్టించుకున్నాను సార్."