మెర్సీ గారి భయం

మెర్సీ గుమ్మంలో కనబడగానే సూర్యప్రకాష్‌కు ఒళ్ళు మండింది. మళ్ళీ అదే మొహం. చెప్పులకు మళ్ళీ అదే బురద. పొద్దున్నే తుడిపించిన టైల్స్ మీద అడుగులు పడ్డాయి.

“సార్, నాకెందుకో భయంగా ఉందండీ. ఇంకోసారి వెళ్ళి చూసొస్తానండీ.”

“నిన్ననే చూసొచ్చేరు కదండీ?”

“చూసేనండీ. అయినా రాత్రంతా నిద్రపట్టలేదండీ.”

అమలాపురం ఆఫీసుకు అధికారిగా వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు ఇదే గోల. తాడు కనబడినా పామని అరిచే రకం ఈవిడ. మిగతా వాళ్ళు హాయిగా టీ తాగి, కబుర్లాడి, వేళకు ఇళ్ళకు పోతారు. ఈవిడ మాత్రం ఎండనక వాననక తిరిగి, ఒక దిగులు మోసుకొచ్చి ఆయన టేబుల్ మీద దించుతుంది.

విజయవాడలో పాజిటివ్ థింకింగ్ శిక్షణకు వెళ్ళొచ్చాక ఆయనకు మందు దొరికింది. హాల్లో బోర్డు పెట్టించాడు. ఫ్యాన్సీ షాపులో బొట్టుబిళ్ళలు కొనిపించాడు. దిగులు మాట అన్నరోజు పేరు పక్కన ఎర్రది, ధైర్యంగా మాట్లాడినరోజు పచ్చది.

అందరికీ పచ్చవే. మెర్సీ పేరు పక్కన మాత్రం ఎర్రగా తట్టు పోసినట్టుంది.

“ఏవండీ మెర్సీ గారూ, మీ పేరుకి వేపాకులేమన్నా కట్టమంటారా?”

ఆఫీసంతా ఘొల్లున నవ్వింది. అటెండరు వెంకన్న కూడా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“ ‘ఏమైనా అయితే’ అనకూడదండీ. ‘ఏమీ కాదు’ అనాలి. రోజూ అద్దంలో చూసుకుని అనండి. ఎర్రవి తగ్గకపోతే మీ ప్రమోషన్‌కి నేను సంతకం పెట్టనండీ.”

“ఆయ్, అలాగేనండీ,” అంది మెర్సీ తల వంచుకుని.

ముందు ఆమె నోట భయమన్న మాట మాయమైంది. తర్వాత సూర్యప్రకాష్ గదికి రావడం మానేసింది. తర్వాత ఎండలో వానలో తిరగడమూ మానేసి, అందరితో కూర్చుని టీ తాగడం మొదలుపెట్టింది. చెప్పులు శుభ్రంగా ఉంటున్నాయి.

“ఎలా ఉందండీ?” అని ఒకరోజు ఆయనే అడిగాడు.

“అంతా బాగుందండీ.”

పచ్చబొట్టు స్వయంగా అంటించాడు. కుక్కతోక వంకర తీసినంత గర్వంగా అనిపించింది.

ఆగస్టులో ఎర్రబొట్టు ఒక్కటీ పడలేదు. నెలాఖరున హాల్లో సన్మానం పెట్టించాడు. బయట ముసురు పట్టి ఉంది. “భయం ఒక రోగమండీ. మెర్సీ గారికి నేను నయం చేసేను,” అంటూ ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

వెంకన్న పరుగెత్తుకొచ్చాడు.

“సార్, లంక ఊళ్ళ నుంచి ఫోనండీ. ఎవరో గోలగోలగా అరుస్తున్నారండీ.”

“ఇలాంటి నెగటివ్ మనుషుల్తోనే చావొచ్చింది. పెట్టెయ్యవయ్యా ఫోను!”

వెంకన్న మెర్సీ వైపు చూశాడు. ఆమె ఒక్క క్షణం కుర్చీలోంచి లేవబోయింది. సూర్యప్రకాష్ ఆమె వైపు గుడ్లురిమాడు.

“ఏమీ కాదులే వెంకన్నా,” అని మెర్సీ మళ్ళీ కూర్చుంది.

సూర్యప్రకాష్ ఆమెకు శాలువా కప్పాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది.

గోదావరికి వరదొస్తే ఏటిగట్టు ఏ చోట తెగుతుందోనని అందరికంటే ముందు భయపడటానికే ఆ ఆఫీసు మెర్సీకి జీతమిస్తోంది.