అన్ని గదుల్లో ఒకటే పాట

పాట ఒక్కసారిగా అన్ని గదుల్లో మోగింది. రజిత చేతిలో గ్లాసు జారి సింకులో పడింది.

హాల్లో, వంటింట్లో, పూజ గదిలో, రెండు పడకగదుల్లో అదే సన్నాయి, అదే డోలు, ఒక్క దరువు కూడా వెనకాముందూ కాకుండా. వైర్లు లేని ఆ స్పీకర్లను ఈ ఇంటి సారు పోయిన నెలలోనే తెచ్చి గదికొకటి పెట్టాడు. హాల్లో కూర్చుని ఫోన్ మీద వేలు పెడితే చాలు, ఇల్లంతా పాడుతుంది.

ఆమె భయం పాటకు కాదు. వంటింటి పక్కన స్టోర్ రూంలో, బియ్యం డబ్బా వెనక, బట్టల టబ్బులో ఆమె ఏడు నెలల బిడ్డ పడుకుని ఉంది. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పిల్లను వెంట తెస్తే అదే ఆఖరి రోజని మాధురి మేడం పనిలో పెట్టుకున్నప్పుడే చెప్పింది. అంతకుముందు చేసిన ఈరమ్మను అందుకే తీసేశారట. ఏం చేస్తుంది మరి? బిడ్డను చూసుకునే అత్త ఊరికి పోయి, సకల జనుల సమ్మెతో బస్సులు ఆగి అక్కడే చిక్కుకుంది. మొగుడి ఆటో వారం నుంచి ఇంటి ముందే ఉంది. ఈ పని కూడా పోతే పొయ్యి వెలగదు. పొద్దున్నే బోరబండ నుంచి కొండాపూర్ దాకా నడిచింది. బిడ్డను కొంగు కింద దాచుకుని, చెత్త కోసం తీసి ఉంచే వెనక తలుపులోంచి లోపలికి దూరింది.

పాట ఇంకా పెరిగింది. ఈ మోతలో బిడ్డ లేచిందో లేదో తెలియడం లేదు. అదే ఆమె ప్రాణం తీస్తోంది. చేతులైనా తుడుచుకోకుండా స్టోర్ రూంలోకి పరుగెత్తింది. బిడ్డ నోరంతా తెరిచి ఏడుస్తోంది. ఏడుపు మాత్రం డోలు కింద ఎక్కడో కలిసిపోయింది. రజిత అక్కడే కూలబడి పాలిచ్చింది. బిడ్డను మళ్లీ పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేసరికి పాట తగ్గింది.

మాధురి మేడం చెవులకు హెడ్‌ఫోన్‌తోనే గదిలోంచి వచ్చింది. రోడ్లు ఆపేశారని వారం నుంచి ఆమె ఆఫీసు పనంతా ఇంట్లోనే.

"అత్తయ్యగారూ, నేను కాల్‌లో ఉన్నానండి. నా గదిలో కూడా మోగుతోంది."

"ఏది నొక్కితే ఏది మోగుతుందో నాకేం తెలుసమ్మా," అంది అనసూయమ్మ, ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుని.

రజితకు మేడం కన్నా ఈ ముసలమ్మంటేనే ఎక్కువ భయం. గిన్నె అడుగున సబ్బు మరకను కళ్లద్దాలు లేకుండా పట్టేసే మనిషి. పొద్దున హాల్లో ఎదురుపడగానే, మీవాళ్లు బస్సులు ఆపేశారుగా, నువ్వు విమానంలో వచ్చావా అని అడిగింది. నడిచి వచ్చిన అంటే, అందుకే పావుగంట ఆలస్యం అని మూతి తిప్పింది.

మధ్యాహ్నం మళ్లీ అదే గండం. మేడం సీసాలో నీళ్లు నింపుకోవడానికి వంటింటి వైపు వస్తోంది. అప్పుడే స్టోర్ రూంలో సన్నగా మూలుగు మొదలైంది. రజిత కావాలని గిన్నెలు గలగలలాడించింది. అది చాలదని తెలుస్తూనే ఉంది. అంతలో సన్నాయి అన్ని గదుల్లోంచీ విరుచుకుపడింది. మేడం గుమ్మంలోంచే వెనక్కి తిరిగి హాల్లోకి పోయింది. గండం తప్పిందని దేవుడికి దండం పెట్టుకుంది గానీ, ఇంత మోతకు బిడ్డ జడుసుకోదా అని రజిత లోలోపల ముసలమ్మను తిట్టిపోసింది.

నాలుగింటికి కింద రోడ్డు మీద ర్యాలీ పోతోంది. జై తెలంగాణ అన్న కేకలు నాలుగో అంతస్తు దాకా వస్తున్నాయి. మేడం విసవిసా వచ్చింది. పాత చార్జర్ల డబ్బా కావాలంది. అది స్టోర్ రూంలో ఉందంది.

"నేను తెస్త మేడం, మీరు కూసోండ్రి."

"నీకు తెలీదులే రజితా. నేనే చూసుకుంటా."

మేడం చెయ్యి స్టోర్ రూం గడియ మీద పడింది. రజిత గబుక్కున ఒక అడుగు ముందుకేసింది. లోపల టబ్బు కదిలిన చప్పుడు, ఆ వెంటే బిడ్డ గొంతు సవరించుకున్న చప్పుడు ఆమెకు వినపడ్డాయి. ఇగ అయిపోయింది అనుకుంది.

అప్పుడే ఐదు స్పీకర్లూ ఒక్క గొంతుతో పేలాయి. ఎన్నడూ అంత గట్టిగా మోగలేదు. గాజు గ్లాసులు అలమరలో వణికాయి. మైక్ ఆపకుండా వచ్చానంటూ మేడం తల పట్టుకుని తన గదిలోకి పరుగెత్తింది.

ఈసారి ముసలమ్మకు చీవాట్లు మామూలుగా పడలేదు. పై ఆఫీసర్లందరూ ఆ డోలు విన్నారట. ఇంకొక్కసారి ఇలా జరిగితే స్పీకర్లన్నీ పీకించి పారేస్తానంది మేడం. అనసూయమ్మ తల వంచుకుని వింది. ఆ కోపమంతా ఇగ నా మీదనే తీస్తది అనుకుంటూ రజిత పొయ్యి గట్టు తుడిచిందే తుడిచింది.

ఐదయింది. మేడం మళ్లీ కాల్‌లో ఉంది. రజిత బిడ్డను కొంగు కింద దాచుకుని, చప్పుడు కాకుండా వెనక తలుపు దాకా వచ్చింది.

తలుపుకు అడ్డంగా అనసూయమ్మ నిలబడి ఉంది. కొంగు కింది నుంచి చిన్న పాదం ఒకటి బయటికి వేలాడుతోంది. ముసలమ్మ చూపు దాని మీదే ఉంది.

"అమ్మా, మా అత్త ఊర్ల చిక్కుకపోయింది. ఈ ఒక్కసారికి..." రజిత బిడ్డను ఇంకా దగ్గరికి హత్తుకుంది.

అనసూయమ్మ మేడం గది వైపు ఒకసారి చూసింది. ఆ పాదాన్ని మెల్లగా కొంగు లోపలికి సర్దింది.

"రేపూ బస్సులు లేవంట. అది ఏడ్చేదాకా ఆగకుండా ముందే ఓ సైగ చెయ్యి, పాట పెంచుతాను."