ఉల్టా పడ్డ ఫోటో

"కాగితం మీద గింత మసకగ ఉన్నడేంది బిడ్డా?" అంది సంతోషమ్మ.

"ముందుగాల గట్లనే ఉంటది పెద్దమ్మా. వేడి తగిలినంకనే రంగు లేస్తది. జర ఆగు," అన్నాడు కరుణాకర్.

కాగజ్‌నగర్ బజారులో కప్పుల మీద, బనియన్ల మీద ఫోటోలు వేసే దుకాణం అతనిది. సంతోషమ్మ కప్పు కోసం రాలేదు. కొడుకు పౌలు సమాధికి బిగించే తెల్ల రేకు మీద అతని ఫోటో వేయించడానికి వచ్చింది. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక ఉంది. పేరు, తేదీలు రాయి మీద ముందే చెక్కించింది. ఫోటో ఒక్కటే మిగిలింది.

ఆ ఫోటో కూడా నిన్ననే దొరికింది. గల్ఫ్‌లో పౌలు గదిలోనే ఉండి, ముందే తిరిగొచ్చేసిన జైనూర్ ఊరి అతను పంపాడు. ఛాతీ మీద ఇంగ్లీషు అక్షరాలున్న కంపెనీ చొక్కాలో పౌలు నవ్వుతూ ఒక చెయ్యి పైకెత్తాడు. ఆ చేతికి చిటికెన వేలు లేదు.

"వేలు ఎట్ల పోయింది పెద్దమ్మా?"

"ఇనుము కోసే మిషన్ల పడ్డది. నేను ఏడిస్తే ఫోన్ల నవ్విండు. గీడ మాలో సగం మందికి వేళ్లు లేవు అవ్వా, ఒక్క వేలుకు ఫికర్ ఎందుకు అన్నడు. ఆ మిషనే ఆఖరుకు పానం తీసుకున్నది."

కరుణాకర్ రేకును ఒకసారి వేడిచేసి తడి పోగొట్టాడు. తడి ఉంటే మొహం మీద మచ్చలు పడతాయి. కాగితం కదిలితే మనిషి పక్కన ఇంకో మనిషి నీడలా పడతాడు. అందుకని నాలుగు వైపులా టేపు అంటించాడు. అన్నిటికంటే పెద్ద భయం ఇంకోటి ఉంది. కాగితం మీద బొమ్మను అద్దంలో కనబడినట్టు తిప్పి అచ్చు వేయాలి, అప్పుడే రేకు మీద సరిగ్గా పడుతుంది. ఒకసారి ఆ సంగతి మరిచిపోయి ఒక బడి ఆటల పోటీల బనియన్లన్నీ పాడుచేశాడు. పిల్లలంతా వీపు మీద తిరగబడ్డ పేర్లతో పరుగెత్తారు. ఆ రోజు నుంచి బజారంతా అతన్ని ఉల్టా కరుణాకర్ అనే పిలుస్తుంది. ఎదురుగా నవ్వేస్తాడు గాని, ఆ మాట వింటే అతనికి ఒళ్లు మండుతుంది.

కాగితం అంటించిన రేకును వేడి ప్రెస్‌లో పెట్టి మూత దించాడు.

"ఆఖరిసారి మొఖం చూసినవా పెద్దమ్మా?" అని మెల్లగా అడిగాడు.

"చూపియ్యలే. చాన దినాలైంది, చూడలేవన్నరు. పెట్టె ఒక దిక్కు తెరిచి చెయ్యి అందిచ్చిండ్రు. వేలు లేని కాడ ముద్దు పెట్టుకున్న. ఇంతల మూసేసిండ్రు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతలో బల్ల మీద ఆమె ఫోన్ మోగింది. సంతోషమ్మ దాన్ని చూసి, నొక్కి ఆపి, బోర్లా పెట్టింది.

"ఎత్తకపోతివి?"

"ఆ దేశం నంబరు. వాని నంబరు కాదు, కొత్తది. పెట్టె వచ్చినప్పటి సంది శుక్రారం శుక్రారం మోగుతది. కంపెనోళ్లే అయ్యుంటరు. వాళ్లతోని మాట్లాడితే నా కొడుకు వస్తడా బిడ్డా?"

కరుణాకర్ మూత ఎత్తి, కాగితం ఊడదీసి, రేకును ఆమె ముందు పెట్టాడు. మసకగా ఉన్న మొహం ఇప్పుడు నిగనిగలాడుతోంది. సంతోషమ్మ వేలితో ఆ చెంప తడిమింది. ఆమె వేలు ఫోటోలోని చేతి దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"తప్పు పడ్డది బిడ్డా. గిది ఎడమ చెయ్యి గద. మా వానికి వేలు పోయింది కుడి చేతికి."

కరుణాకర్ నాలుక కరుచుకున్నాడు. మళ్లీ ఉల్టా. అదీ చచ్చిపోయిన మనిషి ఫోటో.

"తప్పయింది పెద్దమ్మా, ఇంకొకటి వేస్త," అని, ఇంకేమీ చూడకుండా బొమ్మను తిప్పి, మళ్లీ అచ్చు తీసి, కొత్త రేకు పెట్టి, మూత దించాడు.

రెండో రేకులో కుడి చెయ్యి పైకి లేచింది. "గిప్పుడు మంచిగున్నడు," అని సంతోషమ్మ దాన్ని ఛాతీకి హత్తుకుంది.

కరుణాకర్ ఊపిరి పీల్చుకొని, మూట కట్టేముందు ఒకసారి తుడుద్దామని రేకు తీసుకున్నాడు. చొక్కా మీది అక్షరాలు తిరగబడి ఉన్నాయి. మొదటి రేకు తెచ్చి పక్కన పెట్టాడు. అందులో అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. ఆమె ఫోన్‌లో ఉన్న ఫోటోలోనూ సరిగ్గానే ఉన్నాయి.

"పెద్దమ్మా, మొదలు వేసిందే సరైనది. గిండ్ల అక్షరాలు ఉల్టా పడ్డయి."

"నాకు చదువు రాదు. అక్షరాలతోని నాకేం పని? చెయ్యి సరిగ్గ ఉంటే చాలు. గిదే ఇయ్యి."

ఇచ్చేస్తే గొడవ వదిలిపోయేది. కాని ఆదివారం సమాధి చుట్టూ చదువుకున్నవాళ్లు నిలబడతారు. ఉల్టా కరుణాకర్ పని అంటారు.

"అక్షరాలు అబద్ధం చెప్పయి పెద్దమ్మా. మీ పౌలుకు వేలు పోయింది ఎడమ చేతికే. ఇంటికొచ్చినప్పుడు నువ్వు చూడలేదా?"

"వేలు పోయినంక వాడు ఇంటికే రాలే."

"మరి కుడి అని ఎట్ల అంటున్నవు?"

సంతోషమ్మ రెండు రేకులనూ చూసింది. తన కుడి చేతిని చూసుకుంది. బల్ల మీద బోర్లా పడి ఉన్న ఫోన్ వైపు చూసింది.

"పెట్టెల నేను పట్టుకున్న చెయ్యి కుడిది."