కొల్లప్ప పంటి అచ్చు

“కదలద్దు కొల్లప్పా! మిగిలిన రెండు పండ్లూ అలిగిన తోడికోడళ్ల మాదిరి చెరో పక్క వాలినాయి. నోట్లో పెట్టిన ముద్ద గట్టిపడకముందే కొరికితే కట్టుడు పండ్ల అచ్చు మళ్లా చెడతాది,” అన్నాడు హొసకోట పళ్ల డాక్టరు అనంతరాము.

కొల్లప్ప కదలకుండా ఎలా ఉంటాడు? ఉమ్మి గిన్నె పట్టుకుని నిలబడిన పెళ్లాం నల్లమ్మ, తోడొచ్చిన ఎదురింటి లింగప్ప కట్టుడు పళ్లనే చూస్తోంది.

“లింగప్పన్నా, ఈ కరువుకు గట్టిపడిన శెనక్కాయలు గూడా నములుతావా?”

“రాళ్లయినా పిండి చేస్తానమ్మా!”

లింగప్ప నవ్వితే గదికి సున్నం కొట్టినంత వెలుగు వచ్చింది. కొల్లప్పకు కడుపు మండి, ముద్దను కసుక్కున కొరికాడు. చీలిపోయిన అచ్చును డాక్టరు బయటికి లాగాడు.

“వాని పండ్లు జూసేకే వచ్చినావా నువ్వు?” అని కొల్లప్ప పెళ్లాం మీద అరిచాడు.

“నీకు శెనక్కాయలంటే పానం గదప్పా, అందుకే అడిగితి!”

లింగప్ప నవ్వు ఆగిపోయింది.

“నాకు అచ్చు తీసినబ్బుడు ఆ గిన్నె నేనే పట్టుకోనుంటి కొల్లప్పా. మా ఇంటామె సచ్చిపోయినాక, నేనేం నమిలితినని అడిగేవాళ్లు యాడుండారు?”

డాక్టరు కొత్త ముద్ద కలిపి నోట్లో పెట్టాడు. కొల్లప్ప పెదవి కదపకుండా, పక్కనున్న స్టూలును చేత్తో తట్టి లింగప్పను కూర్చోమన్నాడు. తర్వాత నల్లమ్మ వైపు చూసి, లింగప్పతో మాట్లాడమని సైగ చేశాడు.