చిత్రిక పట్టిన కోపం

నేను వడ్రంగిని. కోపం వస్తే చేతిలో సుత్తి ఆగేది కాదు. ఏడాదిగా ఆ కోపమే లేదు. కొయ్యనే కాదు, మనసునూ చిత్రిక పట్టానని కార్ఖానాలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఈ పొద్దున వంటింట్లోకి వెళ్తే, మా ఆవిడ మాత్ర నలిపి నా టీలో కలుపుతోంది.

"ఏంటే అది?"

"మీ కోపానికి మందు. డాక్టరిచ్చాడు."

"ఎప్పట్నుంచి?"

"మీరు మంచివారైనప్పట్నుంచి."

కట్టుకున్నదే ఇంత మోసం చేసింది! నా గొప్పంతా ఆ మాత్రదేనన్నమాట.

"ఏడాదిగా నవ్వుతూ కాపురం చేశావు కదే, నాతోనా, ఆ మాత్రతోనా?"

ఆవిడ మందు కలపని టీ ఇంకో గ్లాసులో పోసి నా ముందు పెట్టింది.

"ఇక మీ ఇష్టం" అని వెళ్ళి వీధి గుమ్మంలో నిలబడింది.

అప్పుడు చూశాను. ఇంట్లోనే చెప్పులు వేసుకుని ఉంది.